క్రాఫ్టు సారు పొనికి సైన్యం

మా క్రాఫ్టు సారు పోయారన్న సంగతి నాకు మూడో రోజున తెలిసింది. ధర్మపురి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎప్పుడో నా దగ్గర పదో తరగతిలో లెక్కలు తప్పి, ఇప్పుడు బస్సు కండక్టరైన పిల్లవాడొకడు కదిలే బస్సులోంచి తల బయటపెట్టి కేకేశాడు. "టీచరమ్మా, ఎరుకైందా? మన క్రాఫ్టు సారు పోయిండు. మొన్న పొద్దుగాల. నిద్రల్నే పోయిండట." నేను నోరు తెరిచేలోపే వాడు రైట్ రైట్ అన్నాడు, బస్సు పోయింది.

నిద్రలో పోయాడంటే పుణ్యాత్ముడేనని పక్కనున్న ముసలమ్మ అంది. పుణ్యం సంగతి నాకు తెలియదు. ఆయన మాత్రం తన బుద్ధి మందగించిందని నమ్ముతూ పోయారు. అది నిజం కాదు. కాదని నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా మూడేళ్ళు నోరు మెదపలేదు. మన బడిలో చదువుకున్న మీలో చాలామంది ఆయన దగ్గర రందా పట్టి చెక్క చిత్రిక పట్టినవాళ్ళే. ఆయన మంచితనం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను చెప్పవలసింది వేరే ఉంది.

సారుది గోదావరికి అవతలి ఒడ్డు, నిర్మల్ దిక్కు. బొమ్మలు చెక్కే ఇంట్లో పుట్టి, సర్కారు బడిలో వడ్రంగం నేర్పే ఉద్యోగానికి మా ఊరు వచ్చారు. చెవి మీద పెన్సిలు, జేబులో గరుకు కాగితం ముక్క. కోసే ముందు ప్రతి చెక్కనూ వాసన చూసేవారు. పిల్లలు రంపాన్ని బలంగా లాగితే "నకో, నకో" అంటూ పరుగెత్తుకొచ్చేవారు. "చెక్కకు చెప్పి కొయ్యాలెరా. కొట్టి కోస్తే పగబడ్తది." వద్దు అనడానికి ఆ దిక్కు మాట 'నకో'నే ఆయనకు చివరిదాకా నోట్లో నిలిచింది.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి మూతపడ్డాయి. ఖాళీగా కూర్చోవడం చేతగాని మనిషి కదా, ఇంటినుంచి పొనికి కట్టె తెప్పించుకుని ఒక సైన్యాన్ని చెక్కారు. పొనికి అంటే నిర్మల్ బొమ్మలు చేసే కట్టె, చేతిలో పెట్టుకుంటే ఉందా లేదా అన్నంత తేలిక. ఆరు ఏనుగులు, పన్నెండు గుర్రాలు, నలభైమంది ఈటెగాళ్ళు. ఒక్కొక్కటీ వేలెడు. బడులు తెరిచేనాటికి వాటితో ఆడే ఆట కూడా తయారైంది. రెండు బెంచీలు కలిపితే యుద్ధభూమి, మధ్యలో నీలం దారం పరిస్తే వాగు. ఎవరెంత దూరం కదలాలో కొలవడానికి జానెడు పుల్ల. దెబ్బ తగిలిందో లేదో చెప్పడానికి నాలుగు గవ్వలు.

అప్పట్లో ఆయనకు జోడీ డ్రిల్లు సారు. డెబ్బై ఒకటి యుద్ధం వార్తలు రేడియోలో విని ఆయనకు పూనకం వచ్చింది. "ఏనుగులేంది సారూ ఇంకా! టాంకులు చెయ్యుండ్రి, టాంకులు" అని వెంటపడ్డాడు. పొనికి అయిపోయింది కాబట్టి, బడి బెంచీలు బాగుచేయగా మిగిలిన టేకు ముక్కలతో కొత్త సైన్యం చేశారు క్రాఫ్టు సారు. అయిదు టాంకులు, రెండు ఫిరంగులు, పదిమంది తుపాకి సిపాయిలు. ఒక్క పూత ఆకుపచ్చ రంగు వేసి చేతులు దులుపుకున్నారు. ఆయన మనసు దానిమీద లేదు.

మొదటి ఆటలోనే టాంకులు ఏనుగులను తొక్కేశాయి. టాంకు మూడు పుల్లల దూరం నుంచే కొడుతుంది. ఏనుగు పక్కకు వస్తే తప్ప ఏమీ చేయలేదు. ఇక దీన్ని ఎట్లా సరిచేయాలన్నది సమస్య. ఏనుగుకు రెండు ప్రాణాలు ఇద్దామన్నాడు డ్రిల్లు సారు. టాంకుకు పెట్రోలు అయిపోతుందని పెడదామని ఇంకెవరో అన్నారు. క్రాఫ్టు సారు ఎవరి మాటా వినకుండా ఇంటికి పోయి తరాజు తెచ్చారు. రంగులు తూచడానికి వాళ్ళ బాపు వాడిన పాత తరాజు అది. ఒక పళ్ళెంలో కొత్త సైన్యమంతా పెట్టారు. రెండో పళ్ళెంలో పాత సైన్యాన్ని ఒక్కొక్కరినే పెడుతూ పోయారు. యాభై ఎనిమిదిమందీ ఎక్కాక ముల్లు నిట్టనిలువుగా నిలిచింది.

"ముల్లు చెప్పిందే తీర్పు" అన్నారట. అప్పటినుంచి ఆటకు అదే కాయిదా, అదే నియమం. ప్రతి ఆటకు ముందు తూచాలి. ముల్లు నిలిచిన దగ్గర ఆపాలి. నవ్వకండి, ఆ ఏడాది నిజంగానే ఆట సరిసమానంగా నడిచిందట. ఒక శనివారం ఈయన, ఒక శనివారం ఆయన. లెక్కలు చదువుకున్నవాళ్ళు ఇంతకంటే మంచి పద్ధతి చెప్పలేరు. నేను లెక్కలే చదువుకున్నాను, నాకూ తోచేది కాదు.

నేను డెబ్బై అయిదులో ఆ బడికి వచ్చాను. డ్రిల్లు సారు అంతకుముందే బదిలీ అయిపోయాడు. కొత్త సైన్యం పెట్టెలో మూలుగుతోంది. ఉపాధ్యాయుల గదిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. నేను చెప్పిన మాట ఎవరికీ వినబడేది కాదు. అదే మాట పది నిమిషాల తర్వాత ఇంకో సారు అంటే అందరూ తలలూపేవారు. అట్లాంటి గదిలో క్రాఫ్టు సారు ఒక శనివారం మధ్యాహ్నం బడి విడిచిపెట్టాక నా ముందు టాంకులు పేర్చి, "ఆడుతవా టీచరమ్మా? లెక్కలు వస్తయ్ గద, జర జాగర్తగ ఆడు, నేను ఇడిచిపెట్ట" అన్నారు.

ఇడిచిపెట్టలేదు కూడా. మొదటి రెండేళ్ళు దాదాపు ప్రతి వారం ఓడించారు. ఆయన ఆట చూడాలి మీరు! ఈటెగాళ్ళను ముందుకు తోలి, నా టాంకులు వాళ్ళతో తలపడుతుండగా గుర్రాలను వాగు పక్కనుంచి తిప్పి వెనకనుంచి వచ్చేవారు. ఏనుగు పడితే "ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే, ఫికర్ లేదు" అని పక్కన పెట్టేవారు. నెమ్మదిగా నేను నేర్చుకున్నాను. గెలవడం మొదలుపెట్టాను. చుట్టూ నిలబడి చూసే మగ సార్లు "ఆడమనిషి ఫౌజు గట్టిగున్నదే" అని వెక్కిరించేవాళ్ళు, తర్వాత వెక్కిరించడం మానేసి చూడటం మొదలుపెట్టారు. అది నాకు ఎంత తియ్యగా ఉండేదో దాచను.

సారు భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఏటా దసరాకు ముందు పది రోజులు వాళ్ళ ఇల్లు రంగుల వాసన కొట్టేది. పొనికి మెత్తన కాబట్టి ఆటలో ఈటెలు విరిగేవి, తొండాలు ఊడేవి. సారు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి విరిగినచోట అద్దేవారు. దానిమీద సుద్ద పూత, సుద్ద మీద రంగు. ఒళ్ళంతా సారూ అక్కా కలిసి వేసినా, కళ్ళు మాత్రం అక్కే పెట్టేది. పుల్లకు దూది చుట్టి, ఊపిరి బిగబట్టి, చుక్క. పండుగనాడు పనిముట్లతో పాటు పాత సైన్యానికీ బొట్టు పెట్టేవారు. టేకు సైన్యం పెట్టెలోనే ఉండేది. దానికేం కాదు, అది విరగదు, పెచ్చులూడదు.

"మీ టాంకులకు కండ్లు పెట్టమంటవా చెల్లె?" అని అక్క ఒకసారి అడిగింది. టాంకులకు కళ్ళెందుకక్కా అని నవ్వాను.

ఏళ్ళు గడిచేకొద్దీ సారు ఓడటం ఎక్కువైంది. మొదట్లో రెండింటికొకటి గెలిచేవారు, తర్వాత నాలుగింటికొకటి. ఎనభయ్యో ఏడు దాటాక ఆయన గెలిచిన శనివారం ఒకటుంటే అది పండుగే. ఆయన ఎత్తులు ఎప్పటిలాగే పదునుగా ఉండేవి. కానీ గుర్రాలు తిరిగి వచ్చేలోపే ముందున్న ఈటెగాళ్ళు అయిపోయేవారు. ఆయన తన నుదుటిమీద వేళ్ళతో తట్టుకునేవారు. "దిమాక్ మందమైంది టీచరమ్మా. ఎనకట లెక్క నడుస్తలేదు." ఆ రోజుల్లోనే బడిలో క్రాఫ్టు పీరియడ్లు తగ్గిస్తూ వచ్చారు. వారానికి నాలుగున్నవి రెండయ్యాయి, రెండు ఒకటైంది. తగ్గించిన పీరియడ్లు ఎవరికిచ్చారనుకున్నారు? లెక్కలకు. నేను తీసుకున్నాను. వద్దనడం నా చేతిలో లేదన్నది నిజమే, వద్దనాలని అనిపించలేదన్నది కూడా నిజమే. సారుకు రిజిస్టర్లు రాసే పని, గంట కొట్టించే పని అప్పగించారు. "బడికే నేను అక్కెర లేకుంటైన. గిక్కడ గూడ ఓడుతున్న. రెండు ఒకటే తీరు" అన్నారొకసారి, నవ్వుతూనే.

ఒక వేసవిలో, ఆట మధ్యలో, ఏనుగొకటి బెంచీ మీదినుంచి జారి గచ్చు మీద పడింది. వెనక కాలు విరిగింది. నేను వంగి ఏరాను. విరిగిన చోట ఉల్లిగడ్డ పొరల్లా రంగులు కనబడ్డాయి. బూడిద, సుద్ద తెలుపు, మళ్ళీ బూడిద, మళ్ళీ తెలుపు. మధ్యలో అసలు పొనికి అగ్గిపుల్లంతే ఉంది. లెక్కల మనిషిని కదా, చేతిలో ఉండగానే లెక్క తేలిపోయింది. ఏటా ఒక పూత. ఏటా కాస్త జిగురు, కాస్త సుద్ద, కాస్త బరువు. పాత సిపాయిలు ఏటేటా బరువెక్కుతున్నారు, నా టేకు సైన్యం ఉన్నంతే ఉంది. తరాజులో ముల్లు నిలవడానికి ఏటేటా తక్కువమంది చాలుతున్నారు. ఒకప్పుడు యాభై ఎనిమిదిమంది ఎక్కిన పళ్ళెంలోకి ఆరోజు ఎక్కింది నాలుగు ఏనుగులు, ఏడు గుర్రాలు, ఇరవై చిల్లర ఈటెగాళ్ళు. మిగిలినవాళ్ళు పెట్టెలోనే ఉన్నారు. సారు వాళ్ళను సెలవు మీద పోయినవాళ్ళనేవారు. ఎందుకింతమందికి సెలవు దొరుకుతోందో ఆయన ఎన్నడూ ఎంచి చూడలేదు. ముల్లును అంతగా నమ్మారు.

ఆయన ఓడుతున్నది బుద్ధి తగ్గి కాదు. ప్రేమగా రంగు వేసి వేసి ఓడుతున్నారు.

చెప్పాలి కదా? అక్కడే, ఆ క్షణమే చెప్పాలి. నేను ఏనుగును ఆయన చేతికిచ్చి, "మీ ఎత్తే సారూ" అన్నాను. ఆయన విరిగిన కాలిని చూశారు, కానీ ఆయన కళ్ళకు కనబడింది బాగుచేయాల్సిన బొమ్మ. ఆ సాయంత్రమే జిగురు పెట్టి అతికించేశారు. ఆ శనివారం నేనే గెలిచాను. తర్వాతి శనివారం చెబుదామనుకున్నాను. తర్వాతి శనివారమూ గెలిచాను. బతుకులో నేను గెలుస్తున్న చోటు అదొక్కటే, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. అట్లా మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆయన నుదురు తట్టుకుంటూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను.

అక్క పచ్చకామెర్లతో పోయింది. ఆకుపసరు పోశారు, కరీంనగర్ పెద్దాసుపత్రికీ తీసుకుపోయారు, దక్కలేదు. ఆ ఏడు దసరాకు పాత సైన్యానికి రంగు పడలేదు. అయిదు నెలల తర్వాత ఒక శనివారం సారు తనంతట తానే పెట్టె తెచ్చి బెంచీ మీద పెట్టారు. తూచారు. ఆడారు. గుర్రాలను ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తులేదు. ఓడి బొమ్మలు సర్దుకుంటున్న ఆయన చేతులు చూసి నాకు దుఃఖం వచ్చింది. ఆరోజైనా నిజం చెబితే పోయేది. మూడేళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయం వేసింది. ఇంకో దారి వెతికాను.

టాంకుల చక్రాలు వదులయ్యాయని చెప్పి నా సైన్యాన్ని ఇంటికి తీసుకుపోయాను. అయిదు టాంకుల పొట్టలకూ, రెండు ఫిరంగులకూ అడుగున ఇనుప మేకులు దిగ్గొట్టాను. పైన లక్క కరిగించి పోసి, ఆకుపచ్చ రంగు పూశాను. వేలు చితకగొట్టుకున్నాను కూడా. తర్వాతి శనివారం తరాజులో నా పళ్ళెం కిందికి దిగింది. సారు పెట్టెలోంచి తీస్తూనే ఉన్నారు, ముల్లు నిలవడం లేదు. ఏళ్ళుగా సెలవు మీదున్న గుర్రాలు, ఏనుగులు, ఈటెగాళ్ళు అందరూ బయటికొచ్చారు. ఆయన గెలిచారు. గుర్రాలు వాగు పక్కనుంచి తిరిగి వచ్చి నా ఫిరంగులను చుట్టుముట్టాయి. ఆనందం పట్టలేక లేచి నిలబడ్డారు. "సూసినవా టీచరమ్మా! దిమాక్ మల్ల తిరిగొచ్చింది!" ఆ నెల ఆయన నాలుగు శనివారాలూ గెలిచారు. గడ్డం గీసుకుని రావడం మొదలుపెట్టారు.

అయిదో శనివారం ఎండ మండుతోంది. కిటికీ పక్కన పెట్టిన టాంకు పొట్టలో లక్క మెత్తబడింది. సారు టాంకును పక్కకు జరపబోతే ఆయన వేళ్ళకు అంటుకుంది. తిప్పి చూశారు. మేకు తల మెరుస్తోంది.

బొటనవేలితో మేకు తలను తడిమారు. "మేకు వంకరగ దిగింది" అన్నారు. "సుత్తె పట్టుడు రాని చెయ్యి."

నేను నల్లబడిన గోరును పిడికిట్లో దాచుకున్నాను.

"నువ్వు గెలిపిస్తివా నన్ను?"

అప్పుడు చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "సారూ, మీరు ఓడనే లేదు. గిదంత రంగు బరువు సారూ. ఏటా పూత మీద పూత పడి మీ సిపాయిలు బరువైండ్రు. అందుకే పళ్ళెంలకు తక్కువమంది వస్తుండ్రు. మీ దిమాక్ మంచిగనే ఉంది. నా మాట నమ్ముండ్రి."

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

నా బతుకులో నేను ఆడిన అబద్ధాలన్నిటిలో ఇదే పాపిష్ఠిది. "మొన్ననే ఎరుకైంది సారూ" అన్నాను.

ఆయన నవ్వారు. కోపంగా కాదు, అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. "మొన్న మేకులు గొడ్తివి. గియ్యాల రంగు కత జెప్తున్నవ్. ఊకో టీచరమ్మా. ముసలోని కోసం గింత పరేషాన్ ఎందుకు నీకు?"

"ఒక్క సిపాయిని గీకి సూడుండ్రి. వీపు మీదనే గీకుండ్రి. పూతలు ఎన్నున్నయో మీకే కనబడ్తది."

జేబులోంచి గరుకు కాగితం తీశారు. ఒక ఈటెగాణ్ణి చేతిలోకి తీసుకున్నారు. వాడి వీపు చూశారు, ముఖం చూశారు. అక్క పెట్టిన చుక్కలు ఆయన వైపే చూస్తున్నాయి. బొటనవేలితో వాడి ముఖాన్ని ఒకసారి తుడిచి, కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "నకో" అన్నారు. "ఆమె చెయ్యి తాకని జాగ లేదు దీని మీద. గెలుసుడు కోసం ఆమెను గీకాల్నా? ఓడిపోయిన్నంటే ఓడిపోయిన్నే తియ్యి."

బరువు మానేసి తలలు ఎంచి ఆడదామన్నాను. "ఓడినోడు కాయిదా మార్సొద్దు" అన్నారు. మూడేళ్ళ ముందే తెలుసని ఆరోజు ఒప్పుకుని ఉంటే నమ్మేవారేమో. నా తప్పు నేను ఒప్పుకున్నానంటే అది జాలి మాట కాదని తెలిసేది. ఆ ఒక్క మాట నా నోటినుంచి రాలేదు.

ఆ తర్వాత మేం ఆడలేదు. రెండేళ్ళకు ఆయన ఉద్యోగ విరమణ చేసి నిర్మల్ దిక్కు వెళ్ళిపోయారు. సన్మానసభలో నేను మాట్లాడాను, అందరూ చప్పట్లు కొట్టారు, చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. పండుగలకు కార్డు ముక్క రాసేవారు. ఒకదాంట్లో, "ఈ నడుమ అన్నీ మరుస్తున్నాను, నా తలకాయ సంగతి మీకు తెలిసిందే కదా" అని ఉంది. జవాబులో నిజం మొత్తం రాద్దామని కూర్చున్నాను. రాసి చించేశాను.

దినాలకు వెళ్ళాను. నలభై దాటిన కొడుకు, తండ్రి పోలికే. నన్ను గుర్తుపట్టి పెరట్లోకి తీసుకుపోయాడు. "బాపు రెండు నెలల కిందనే చెప్పిండు మేడం, గా పెట్టె టీచరమ్మకియ్యి అని. తీసి సూస్తే జిడ్డుపట్టి, పెచ్చులూడి ఉన్నయ్. గట్లనే ఇస్తే మంచిగుండదని పొద్దుగాల గంగాళంల ఏడినీళ్ళు వోసి నానబెట్టిన. ఎంత మురికి పోయిందో సూడుండ్రి."

చింతగింజల జిగురు వేడినీళ్ళకు ఆగదు. సుద్ద అసలే ఆగదు. గోడ పక్కన పారబోసిన నీళ్ళలో రంగుల పెచ్చులు తెట్టెలు కట్టి ఉన్నాయి. కోడొకటి వాటిని పొడుస్తోంది.

"ఇంకేమన్న అన్నడా బాపు?" అని అడిగాను.

"లేదు మేడం. ఇంకేమనలే."

నులకమంచం మీద పాత సైన్యం ఆరబెట్టి ఉంది. ఎంచాను. ఆరు ఏనుగులు, పన్నెండు గుర్రాలు, నలభైమంది ఈటెగాళ్ళు. తెల్లగా, సన్నగా, అరవై తొమ్మిదిలో ఆయన చేతిలోంచి వచ్చినప్పటంత తేలికగా ఉన్నారు. ఇప్పుడు తరాజులో పెడితే అందరూ పళ్ళెంలోకి వస్తారు. ఎవరి ముఖానా కళ్ళు లేవు. చిన్నగా గాలి వచ్చింది. ఆ పాటి గాలికే ఈటెగాళ్ళు దొర్లి నులక సందుల్లోంచి ఒక్కొక్కరే మంచం కిందికి జారిపోతుంటే, చప్పుడైనా లేకుండా పడుతున్న వాళ్ళను రెండు చేతులా ఏరి మళ్ళీ మంచం మీద పెడుతున్నాను.